ఆవకాయ పీపాకు తొంభై రెండు

రాష్ట్ర పేయ ప్రమాణ మండలిలో విస్కీకీ బ్రాందీకీ తేడా తెలియని ఉద్యోగి ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు ఓరుగంటి అచ్యుతరామయ్య. మంచినీళ్ళు తప్ప జనం తాగే ప్రతి ద్రవానికీ నాణ్యత నిర్ణయించడం ఆ మండలి పని. మంచినీళ్ళు వేరే శాఖవి. వాటి జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు.

అచ్యుతరామయ్య అక్కడికి కోరి వెళ్ళలేదు. అంతకు ముందు మత్స్యశాఖలో చాలాకాలం పనిచేసి ఒక్క చేపనూ ముట్టకుండా బయటపడ్డాడు. ఆ నిగ్రహానికి ముచ్చటపడే పైవాళ్ళు ఇక్కడికి బదిలీ చేశారని ఆఫీసులో అనుకునేవారు. "రాముడు ఎక్కడికి పంపినా ఏదో ఉద్దేశంతోనే పంపుతాడు. ఆ ఉద్దేశమేమిటో బదిలీ ఉత్తర్వులో రాయడు, అంతే" అని ఆయన సరిపెట్టుకున్నాడు. పొద్దున్నే స్నానం, పూజ, వీధి చివర రామాలయంలో ప్రదక్షిణ, ఆ తరువాత ఆఫీసు. సీసాల బొమ్మలున్న కాగితాలను కూడా ఆయన కళ్ళకద్దుకునే విప్పేవాడు. కాగితం సరస్వతి కదా, దాని మీద ఏముందన్నది దాని తప్పా?

ఆ ఏడు వాళ్ళింట్లో సంతోషం పొంగుకొస్తోంది. శ్రీరామనవమికి ఆ రామాలయంలో సీతారాముల కల్యాణం చేస్తారు. దేవుడి పెళ్ళికి పీటల మీద కూర్చునే దంపతులను గుడి కమిటీ వారు నిర్ణయిస్తారు. కొత్త కోడలిగా ఆ వీధిలో అడుగు పెట్టినప్పటి నుంచీ ఆయన భార్య తాయారుకి ఆ పీట మీదే మనసు. ఏటా ఎవరో ఒకరు ముందు తగిలేవారు. ఒక ఏడు బియ్యం మిల్లు యజమాని, మరో ఏడు ఆయన బావమరిది, ఆ పైఏడు ఆ బావమరిదికి ఇల్లు కట్టిన కంట్రాక్టరు. తాయారు ప్రతి ఏడూ ముందు వరసలో కూర్చుని, చేతులు జోడించి, తలంబ్రాలు వేరేవాళ్ళ చేతుల్లోంచి రాలడం చూసి వచ్చేది.

ఈసారి కమిటీ ప్రెసిడెంటు, మిల్లు యజమాని కొల్లి వీర్రాఘవులు స్వయంగా ఇంటికొచ్చి, "ఈ యేడు మీ దంపతులేనండి" అన్నాడు. తాయారు ఆయనకిచ్చిన కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోయింది. ఆయన కూడా మర్యాదస్తుడు, మాట్లాడకుండా తాగి వెళ్ళిపోయాడు.

అర్చకులు పరాంకుశాచార్యులు ఒక్కటే షరతు పెట్టారు. "నిష్ఠగా ఉండాలి నాయనా. ఉల్లిపాయ కూడా పనికిరాదు. మద్యం సంగతి మీకు వేరే చెప్పేదేముంది."

సరిగ్గా అదే వారంలో మంత్రిగారు విదేశీ పర్యటన ముగించుకుని వచ్చారు.

ఆయన అక్కడ ఒక విశేషం చూశారు. ఆ దేశంలో విస్కీని ఒక పీపాలో మాగబెట్టి, చివర్లో కొన్నాళ్ళు ఇంకో పీపాలోకి మారుస్తారట. ఆ రెండో పీపాలో అంతకు ముందు ద్రాక్షసారా ఉంటే ఆ రుచి విస్కీకి పడుతుందట. దానికి ప్రపంచమంతా మార్కులు వేస్తుందట. "మన దగ్గర పీపాలు లేవా? పీపాల్లో పొయ్యడానికి పదార్థాలు లేవా?" అని మంత్రిగారు విమానంలోనే అడిగారు. పక్క సీట్లో ఉన్న కార్యదర్శి ఉన్నాయని చెప్పాడు. దేశీయ పీపా పథకం అలా పుట్టింది. విస్కీ పీపాలో ఉండవలసిన కాలం చాలా ఎక్కువని తేలితే, ప్రత్యేక ఉత్తర్వు ద్వారా ఆ కాలాన్ని తగ్గించారు.

నమూనాలు మండలికి వచ్చాయి. ఆవకాయ పీపా, బెల్లం పాకం పీపా, చింతపండు పీపా, గానుగ నూనె పీపా, ఉప్పుచేప పీపా. డైరెక్టరు విశ్వమోహన్ సమావేశం పెట్టాడు.

"మిత్రులారా, దీన్ని పీపాగా చూడకండి. మన సాంస్కృతిక వారసత్వం గుండ్రని ఆకారం దాల్చిందని భావించండి" అన్నాడాయన. "వీటికి నూటికి ఇన్నని మార్కులు వెయ్యాలి. రుచి పరీక్షా సంఘానికి అకౌంట్సు సెక్షను నుంచి సూరపరాజు గారి పేరు ప్రతిపాదిస్తున్నాను."

సూరపరాజు పేరు అనగానే అందరూ సహజమేనన్నట్టు తలలూపారు. ఆయన సాయంకాలం అనుభవం జిల్లా అంతా ఎరిగినదే. రాజుగారు అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

విజిలెన్సు అధికారి ధర్మతేజ లేచాడు. కొత్తగా శిక్షణ పూర్తి చేసుకుని వచ్చినవాడు. నవ్వడం శిక్షణలో లేదు. "అభ్యంతరం ఉంది. పరీక్ష పేపరు దిద్దేవాడికి విద్యార్థి చుట్టం కాకూడదు. ఇక్కడున్న ప్రతి విస్కీ రాజుగారికి చుట్టమే."

"చుట్టాలేనండి, ఆయ్. కాని కొందరితో మాటల్లేవు" అన్నాడు సూరపరాజు.

"ఆ మాటల్లేకపోవడం కూడా పక్షపాతమే. అనుభవం ఉన్నచోట అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం ఉన్నచోట న్యాయం ఉండదు. సంఘ సభ్యులకు శుద్ధ జిహ్వ ఉండాలి. అంటే జీవితంలో ఎన్నడూ మద్యం తగలని నాలుక."

ఆ మాట డైరెక్టరుకి బాగా నచ్చింది. సంస్కృతంలో ఉండటం వల్ల దాన్ని వెంటనే తీర్మానంలో రాయించాడు. తరువాత అందరి కళ్ళూ ఒక్కసారి కిటికీ పక్కకు తిరిగాయి. అక్కడ అచ్యుతరామయ్య మనసులో రామనామం చేసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"అయ్యా, చిన్న సందేహం" అన్నాడాయన, విషయం అర్థమయ్యాక. "ఎన్నడూ తాగనివాడికి అది బాగుందో లేదో ఎలా తెలుస్తుందండి?"

"తెలియదు. దాన్నే నిష్పాక్షికత అంటారు" అన్నాడు ధర్మతేజ.

"నవమికి నేను పీటల మీద కూర్చోవాలండి. చుక్క తగిలినా పనికిరాదు."

"మీ మత విశ్వాసాలను మండలి గౌరవిస్తుంది. అందుకే పక్కనే పుక్కిలించడానికి నీళ్ళు పెట్టిస్తున్నాం" అన్నాడు డైరెక్టరు.

"పోనీ, సెలవు ఇప్పించండి."

"శుద్ధ జిహ్వను అత్యవసర సేవల్లో చేర్చాం. ఇందాకే."

అచ్యుతరామయ్య ఇంటికి వెళ్ళి తాయారుతో చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టి, "ఇంతకాలం తాగమని ఎవరూ బలవంతం చెయ్యలేదు. తీరా పీట దొరికాక సర్కారే పోయిస్తానంటోందా" అంది.

"నేను ముట్టను తాయారూ. గ్లాసు ముందు పెడతారు, చూస్తూ కూర్చుంటాను."

"వాసన?"

ఆ అనుమానం తీర్చుకోవడానికి ఇద్దరూ గుడికి వెళ్ళారు. ఆచార్యులు విని, "ఆఘ్రాణం అర్ధభోజనం అన్నారు పెద్దలు. వాసన చూస్తే సగం తాగినట్టే" అన్నారు.

"సగం తాగినవాడు సగం పీట మీదే కూర్చోవాలి కాబోలు" అని తాయారు నిట్టూర్చింది. ఆమే పచ్చకర్పూరం చిన్న గుడ్డలో మూటకట్టి ఆయన జేబులో పెట్టింది. పరీక్ష జరిగినంతసేపూ ముక్కు దగ్గర పెట్టుకోమంది.

పరీక్ష రోజున సంఘంలో ముగ్గురున్నారు. అచ్యుతరామయ్య కాక, ఉద్యోగ విరమణ చేసిన డ్రాయింగు మాస్టారు ఒకరు, బాలికల వసతి గృహం వార్డెను ఒకరు. ముగ్గురి నాలుకలూ శుద్ధమైనవని విచారణలో తేలింది. ముందు బెల్లం పాకం పీపా వచ్చింది.

మాస్టారు ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు తెరవలేదు. తెరిచాక కన్నీళ్ళు కారాయి. "బెల్లం ఎక్కడో ఉన్నట్టే ఉంది, కాని దారి బాగాలేదు" అని నలభై వేశాడు. వార్డెను కొంచెం చప్పరించి, "దగ్గుమందులా ఉంది. దగ్గుమందు మంచిదే కదా" అని ఎనభై వేసింది. అచ్యుతరామయ్య కర్పూరం మూట ముక్కుకి ఆనించుకుని, గ్లాసుకి దూరంగా జరిగి, మనసులో ఆంజనేయ దండకం చదువుకుంటున్నాడు.

ధర్మతేజ లేచి నిలబడ్డాడు. "మాస్టారి అర్హత, వార్డెను గారి అర్హత ఈ క్షణం నుంచి రద్దయ్యాయి."

"అదేమిటండీ, నేను పిలిస్తేనే వచ్చాను" అంది వార్డెను.

"ఇప్పుడు మీ నాలుకకు పూర్వానుభవం ఉంది. రెండో నమూనా తాగితే దాన్ని మొదటిదానితో పోలుస్తారు. పోలిక పక్షపాతానికి కన్నతల్లి."

"నాకు నోరంతా మండుతోంది బాబూ. నేనేం పోలుస్తాను?" అన్నాడు మాస్టారు.

"మంట కూడా అనుభవమేనండి."

వాళ్ళిద్దరినీ గౌరవంగా బయటికి పంపారు. మిగిలింది అచ్యుతరామయ్య. డైరెక్టరు ఆయన ముందున్న గ్లాసు చూశాడు. పోసింది పోసినట్టే ఉంది.

"నేను తాగలేదండి. క్షమించండి" అన్నాడు అచ్యుతరామయ్య.

"క్షమాపణ ఎందుకు? ఈ రాష్ట్రంలో మార్కులు వేసే అర్హత మిగిలింది మీకొక్కరికే. అన్ని పీపాలకూ మీరే వెయ్యాలి."

"తాగకుండా మార్కులు ఎలా వేస్తానండి?"

"తాగితే ఎలా వేస్తారండి? అర్హత పోదూ?" అన్నాడు ధర్మతేజ.

అచ్యుతరామయ్య ఆ మాటను అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఎటు చూసినా నున్నగా ఉంది, పట్టుకోవడానికి ఒక్క గుబ్బ లేదు. అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. తెలియదని రాయబోతే, "తెలియదు అనే గడి మా పత్రంలో లేదు. మీకు తెలిసిందే రాయండి" అన్నాడు డైరెక్టరు.

ఆయనకు తెలిసినవి పీపాలో ఇదివరకు ఉన్న పదార్థాలే. కాబట్టి వాటి గురించి నిజం రాశాడు. ఆవకాయ పీపా దగ్గర ఇలా రాశాడు: 'మూడో రోజున జాడీ మూత తీసినప్పుడు ఇల్లంతా పండగ. మొదటి ముద్ద వేడన్నంలో, వెన్నతో. కళ్ళ వెంట నీళ్ళు వస్తాయి గాని చెయ్యి ఆగదు. అమ్మ కలిపి పెట్టిన ముద్ద గుర్తుకొస్తుంది. తొంభై రెండు.' ఎనిమిది ఎందుకు తగ్గించారని అడిగితే, అమ్మ ఇప్పుడు లేదు కదా అన్నాడు. చింతపండు పీపాకి పులిహోర సంగతి రాసి ఎనభై ఐదు వేశాడు. గానుగ నూనె పీపా దగ్గర దీపారాధనకు శ్రేష్ఠమని రాశాడు. ఉప్పుచేప పీపా దగ్గర మాత్రం మత్స్యశాఖలోని అనుభవాన్నంతా ఉపయోగించి, 'దూరం నుంచి గౌరవించదగినది' అని ఒక్క ముక్క రాసి యాభై వేశాడు.

ఇంటికి వెళ్ళి దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, రాసిందంతా నిజమే. మరి మొత్తం కలిపితే అబద్ధమెలా అయింది?" అని అడిగాడు. స్వామి మామూలుగా చిరునవ్వుతో ఉన్నాడు.

ఆ మార్కులు చూసి దేశమంతా నివ్వెరపోయిందని మండలి వారి పత్రికా ప్రకటన చెప్పింది. పొరుగు రాష్ట్రాల నుంచి పెద్ద పెద్ద రుచి నిపుణులు వచ్చి అచ్యుతరామయ్య పద్ధతిని పరిశీలించారు. గ్లాసుకి దూరంగా జరగడం, కళ్ళు మూసుకుని పెదవులు కదపడం, ముక్కు దగ్గర కర్పూరం మూట, ఇవన్నీ రాసుకుపోయారు. కొద్దిరోజుల్లో ఆ రాష్ట్రాల్లోనూ నిపుణులు కర్పూరం మూటలు పట్టుకుని కూర్చుంటున్నారని తెలిసింది.

ఆఫీసులో సూరపరాజు ఒక్కడే దిగులు పడ్డాడు. చివరికి ధైర్యం చేసి ధర్మతేజ గదిలోకి వెళ్ళాడు. "రుచి గుర్తుంటేనే కదండీ పక్షపాతం. నాకు ఏ రాత్రి తాగింది ఆ రాత్రికే సరి. తెల్లారేసరికి బ్రాండు పేరు కూడా గుర్తుండదండి, ఆయ్. రోజూ పొద్దున నా నాలుక శుద్ధంగానే ఉంటుంది."

ధర్మతేజ దాన్ని అక్షరం అక్షరం రాసుకున్నాడు. ఆ వాదంలో లోపం కనపడక, న్యాయశాఖ అభిప్రాయానికి పంపాడు.

అంతలో తనిఖీ వారు ఒక ఆక్షేపణ లేవదీశారు. అచ్యుతరామయ్య స్వహస్తంతో రాసిన వ్యాఖ్యల ప్రకారం ఆయన ఆవకాయ తిన్నట్టు రుజువవుతోంది. అంటే పీపాలోని పదార్థంతో పూర్వ సంబంధం ఉంది. జరిగిందేదో జరిగింది, రెండో విడత నమూనాలు వచ్చేదాకా అయినా ఆ నాలుకను కాపాడాలని మండలి తీర్మానించింది. ఆవకాయ, బెల్లం, చింతపండు, గానుగ నూనె ఆయన నోట పడకూడదు. ఉప్పుచేప కూడా నిషేధమే అన్నప్పుడు మాత్రం అచ్యుతరామయ్య అభ్యంతరం చెప్పలేదు.

"చారులోకి చింతపండు వద్దు, కూరలోకి నూనె వద్దు. మీకు వండుతున్నానా, పథ్యం పెడుతున్నానా?" అంది తాయారు. ఉగాది నాడు పచ్చడి గిన్నె ముందు పెట్టుకుని ఆయన ఆఫీసు ఉత్తర్వు గుర్తు చేసుకున్నాడు. బెల్లం కుదరదు, చింతపండు కుదరదు. మామిడికాయ, కారం, ఉప్పు ఆవకాయకు రక్తసంబంధులు కాబట్టి అవీ కుదరవు. వేపపువ్వుకి మాత్రం అనుమతి ఉంది. ఆరు రుచుల సంవత్సరంలోంచి చేదు ఒక్కటీ ఏరుకుని నమిలి, అత్యవసర సేవకి పండగ సెలవు లేదు కాబట్టి ఆఫీసుకి బయలుదేరాడు.

దారిలో నాలుగు రోడ్ల కూడలిలో ఆయన ఆగిపోయాడు. సినిమా హాలంత ఎత్తున తన బొమ్మ ఉంది. నుదుట బొట్టు, భుజాన కండువా, చేతులు జోడించి ఉన్నాడు. ఆ చేతుల మధ్య సీసా పెట్టి అతికించారు. 'అచ్యుతరామయ్య గారి నోట... ఆవకాయ పీపా. తొంభై రెండు' అని కింద రాసి ఉంది. 'చెయ్యి ఆగదు' అని ఇంకా పెద్ద అక్షరాలతో ఉంది.

ఆ సాయంకాలమే వీర్రాఘవులు మిల్లుకి పిలిపించాడు.

"అబ్బే, నాకేం లేదండి. నేనూ పుచ్చుకుంటాను, దాపరికమేముంది" అన్నాడు. "కాని నేను పీటల మీద కూర్చున్న యేడు నా బొమ్మ సీసా మీద లేదు. జనం అడుగుతున్నారు. దేవుడి పెళ్ళి పెద్ద తాగుబోతు చేతిమీదుగానా అంటున్నారు."

"నేను చుక్క ముట్టలేదండి. రాముడి మీద ఆన."

"మీరంటే సరిపోదండి. మీ ఆఫీసు చేత చెప్పించండి. లేకపోతే మా బావమరిది ఉండనే ఉన్నాడు."

మర్నాడు అచ్యుతరామయ్య డైరెక్టరు ముందు నిలబడ్డాడు. తాను ఎన్నడూ తాగలేదన్న ఒక్క మాట ఇప్పించమన్నాడు. డైరెక్టరు నొచ్చుకున్నాడు.

"మీరు తాగలేదని మేం చెబితే జనానికి మీ మార్కుల మీద నమ్మకం పోతుంది. తాగారని చెబితే నిబంధనల ప్రకారం మీ మార్కులే చెల్లవు. అందుచేత ఈ విషయంలో మండలి గంభీరమైన మౌనం పాటిస్తోంది. ఇది విధానపరమైన మౌనం. మీ ఒక్కరి కోసం భంగం చెయ్యలేం."

ఆయన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు. నవమి కోసం కొన్న పట్టుచీర మంచం మీద పరిచి ఉంది. తాయారు దాన్ని మెల్లగా మడిచి పెట్టెలో పెట్టింది.

ఈ సంగతి సూరపరాజు చెవిన పడింది. "అదేమన్యాయమండీ? తాగనోణ్ణి తాగాడంటే తాగేవాళ్ళ విలువేముంటుంది?" అని మర్నాడు సెలవు పెట్టి, ఊళ్ళోని అనుభవజ్ఞులందరినీ వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళాడు. కమిటీ కూర్చుంది. ఆచార్యులు కూడా వచ్చారు, వాసన తగలకుండా గాలి వచ్చే వైపు కుర్చీ చూసుకుని కూర్చున్నారు.

వీర్రాఘవులు లోకజ్ఞానం ఉన్నవాడు. "తాగనివాళ్ళు వచ్చి ఆయన తాగడని చెప్తే నేను నమ్మను. వాళ్ళకేం తెలుసు? మీరైతే చెప్పగలరు. కానివ్వండి" అన్నాడు.

లారీ యూనియన్ పెద్ద ముందుకొచ్చాడు. "చీకటి పడ్డాక నాకు ఊళ్ళో అందరూ కనపడతారండి. పోయినోళ్ళు కూడా కనపడతారు. ఈయనొక్కడూ ఎప్పుడూ కనపళ్ళేదండి."

"నేను ఈయన అరుగు మీద పడుకుంటానండి ఒక్కోసారి" అన్నాడు ఇంకొకడు. "పొద్దున్నే లేపి మజ్జిగిస్తాడు. తాగేవాడైతే అంత పొద్దున్నే లేస్తాడాండీ?"

సూరపరాజు స్వయంగా పరీక్ష చేశాడు. "అచ్యుతరామయ్య గారూ, గ్లాసులో ముందు ఏది పొయ్యాలండి? సోడానా, సరుకా?"

"తీర్థానికైతే ముందు నీళ్ళు పోసి తరువాత తులసి వేస్తామండి" అన్నాడు ఆయన భయపడుతూ.

అనుభవజ్ఞులు ఒకరి మొహాలొకరు చూసుకుని జాలిగా తలలాడించారు. ఇక అడగవలసిందేమీ లేదన్నారు. ఆచార్యులు లేచి, "సాక్షులు కొంచెం తూలుతున్నారు గాని, సాక్ష్యం నిలబడింది" అన్నారు. పీట అచ్యుతరామయ్య దంపతులదేనని కమిటీ తేల్చింది.

ఆయన సంతోషంగా గుడి మీదుగా ఇంటికి బయలుదేరాడు. గుడి మెట్ల పక్కన పూలమ్మే మంగ దండ గుచ్చుతోంది. రోజూ పలకరించే మనిషి, ఆ వేళ తల ఎత్తలేదు.

"ఏం మంగా, నవమికి దండలు నువ్వేగా తెచ్చేది?"

"తెత్తానయ్యగారూ" అంది. దారం ముడివేస్తూ తనే మళ్ళీ అంది. "ఇదివరకు మా ఆయన తాగొత్తే నాలుగు తిట్టేదాన్నండి. సిగ్గుపడి ఓ మూల పడుకునేవోడు. ఇప్పుడు తిట్టబోతే, అచ్యుతరామయ్యగారంతటోరు మార్కులేశారే, నీకేం తెలుసు అంటన్నాడండి. నాకేం తెలుత్తది మరి. అంత భక్తిపరులు సేతులెత్తి సూపిత్తంటే."

ఆయన తన బొమ్మ ఉన్న కూడలి వైపు చూశాడు. నేను తాగలేదమ్మా అని చెప్పుకోవడానికి ఊళ్ళో సాక్షులు దొరికారు. కాని మంగ అడుగుతున్నది అది కాదు. ఆ రాత్రి అన్నం ముందు చాలాసేపు కూర్చుని లేచిపోయాడు. తాగనివాడికి పాపం ఉండదని ఎవరు చెప్పారు?

నవమి వచ్చింది. తాటాకు పందిరి, మామిడి తోరణాలు, సన్నాయి. తాయారు పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. ఆమె పక్కన అచ్యుతరామయ్య. ముందు వరసలో డైరెక్టరు, ధర్మతేజ అతిథులుగా కూర్చున్నారు. మాంగల్యధారణ అయింది. తలంబ్రాలు పోసే వంతు తాయారుకి వచ్చింది. ముత్యాల్లాంటి బియ్యం ఆమె చేతుల్లోంచే సీతమ్మ తల మీద రాలాయి. ఆమె ఎటూ చూడలేదు.

కల్యాణం ముగిశాక ఆచార్యులు నివేదన చేసిన పానకం బిందె తెప్పించారు. మొదటి గ్లాసు పీటల మీది దంపతులదే. అచ్యుతరామయ్య చెయ్యి చాపేసరికి ధర్మతేజ పందిరి మధ్యలోకి వచ్చేశాడు.

"ఆగండి. పానకంలో బెల్లం ఉంది. బెల్లం పీపా రెండో విడత రేపు పొద్దున్నే ఉంది. ఇప్పుడు తాగితే బెల్లంతో తాజా పూర్వానుభవం ఏర్పడుతుంది."

డైరెక్టరు కూడా లేచి వచ్చి చెవి దగ్గర వంగాడు. "అచ్యుతరామయ్య గారూ, జాతీయ సంఘానికి మీ పేరు పంపాం. ఈ దేశంలో అంత శుద్ధమైన నాలుక ఇంకోటి లేదని రాశాం. ఈ ఒక్క పూటకి వద్దనండి. కళ్ళకద్దుకుని పక్కన పెట్టండి. దేవుడు అర్థం చేసుకుంటాడు."

పందిరిలో అందరూ చూస్తున్నారు. స్తంభం పక్కన పూలబుట్టతో మంగ నిలబడి ఉంది. అచ్యుతరామయ్య గ్లాసు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. డైరెక్టరు తృప్తిగా ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి బయటికి వదిలేలోపల అచ్యుతరామయ్య పానకం గటగటా తాగేసి, మూతి కండువాతో తుడుచుకున్నాడు.

"ఎంత పని చేశారండీ" అన్నాడు ధర్మతేజ. ఆ గొంతులో మొదటిసారి మనిషి వినపడ్డాడు. "మీ అర్హత రద్దయింది. బెల్లానికే కాదు. ఉత్తర్వును ధిక్కరించిన నాలుక ఏ పీపాకీ పనికిరాదు."

"అవునండి" అన్నాడు అచ్యుతరామయ్య. "నా బొమ్మ కూడా దింపించెయ్యండి మరి. అర్హత లేనివాడి బొమ్మ ఉండకూడదు కదండీ."

ధర్మతేజ నియమం తప్పేవాడు కాదు. అది నిజమేనని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. డైరెక్టరు ఇంకో శుద్ధ జిహ్వ కోసం పందిరిలో ఉన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే పరిశీలనగా చూడసాగాడు. ఆ చూపు తమ మీద పడకుండా జనం గబగబా పానకం తాగేశారు.

తాయారు పీట మీద నుంచే మెల్లగా అడిగింది. "ఎలా ఉందండీ?"

"బాగుంది" అన్నాడాయన. పెదవులు చప్పరించాడు. "మిరియం కాస్త తగ్గింది."

"కలిపింది నేనే" అంది తాయారు.

అచ్యుతరామయ్య ఖాళీ గ్లాసు మళ్ళీ బిందె దగ్గరికి చాపాడు. "ఇంకోసారి తాగి చెప్తాను" అన్నాడు.